పదమూడు మీటర్ల చొక్కా చెయ్యి

పొద్దున్నే పడవ తీసేముందు పడవాయన చేసే మొదటి పని, పెళ్ళానికి సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం. పన్నెండు సూదులు. టైలరమ్మకు నలభై దాటగానే ఆమె కళ్ళు సూది బెజ్జంతో మాటలు మానేశాయి. బట్ట కనిపిస్తుంది, కుట్టు కనిపిస్తుంది, ఎదురింటావిడ వేసుకున్న గౌను ఎక్కడ లూజైందో వీధి మలుపు నుంచే కనిపిస్తుంది. బెజ్జం మాత్రం కనిపించదు. పడవాయన కిటికీ పక్కన కూర్చుని, దారం కొస నాలికతో తడిపి, సూది వంకైనా చూడకుండా, ఏవో కబుర్లు చెబుతూనే పన్నెండూ ఎక్కించి గుడ్డదిండుకు గుచ్చేసేవాడు. అంత వేగంగా దారం ఎక్కించిన మగాడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే వాణ్ణి నా దగ్గరికి పంపండి.

అంతటి చెయ్యి కాబట్టే చెరువులో కూడా దానికో పద్ధతుండేది. ఎక్కడ ముంచితే అక్కడ అడుగు దాకా వెళ్ళేది. ఒడ్డున ముంచితే మోకాలి లోతు, నడిమధ్య ముంచితే మూడంతస్తుల మేడ లోతు. బయటికి తీస్తే మళ్ళీ మామూలు చెయ్యే. కొందరికి మంచి గొంతు ఉంటుంది, కొందరికి వంట కుదురుతుంది, ఆయనకు చెయ్యి అందుతుంది, అంతే. నీళ్ళలో పడ్డ తాళాలు, కళ్ళజోళ్ళు తీసి ఇచ్చేవాడు. ఒకసారి స్కూలు హెడ్మాస్టరుగారి పళ్ళసెట్టు తీస్తే అది నవ్వుతూనే బయటికొచ్చింది. ఇంకోసారి ఏకంగా స్కూటరు. నేను ఒడ్డునే ఉన్నాను, నా కళ్ళతో చూశాను, దాని లైటు ఇంకా వెలుగుతోంది.

రేవు పక్కన ఒంటిగది చెరువు ఆఫీసు. అందులో ఒక గుమస్తా, ఒక బీరువా, ఒక రిజిస్టరు. నెలకోసారి చెరువులో నలభై చోట్ల లోతు చూసి రాయడం గుమస్తా ఉద్యోగం. అందుకు పడవాయన్ని తీసుకెళ్ళేవాడు. పడవాయన చెయ్యి ముంచుతాడు.

"ఎంత మామా?"

"ఒక చెయ్యి."

గుమస్తా రాసుకుంటాడు. పడవ ఇంకోచోటికి వెళ్తుంది.

"ఇక్కడెంత?"

"ఒక చెయ్యి."

ఇలా ముప్పై ఏళ్ళు. రిజిస్టరు నిండా, పేజీ తర్వాత పేజీ, ఒక చెయ్యి, ఒక చెయ్యి, ఒక చెయ్యి. ఎవరికీ తప్పనిపించలేదు. తప్పు కాదు కూడా.

చెరువుకు అవతలి ఒడ్డున బ్యాటరీల ఫ్యాక్టరీ ఒకటి ఇరవై ఏళ్ళకు పైగా నడిచి మూతపడింది. మనుషులు వెళ్ళిపోయారు, గేటు తుప్పు పట్టింది, అది కాలవలో వదిలిన సీసం మాత్రం చెరువు అడుగున బురదైపోయి కూర్చుంది. పడవాయన వేళ్ళ కొసలకు ముందు నల్లరంగు పట్టింది. టైలరమ్మ రోజూ సాయంత్రం ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని సబ్బుతో, ఇసకతో, ఆఖరికి కిరసనాయిలుతో రుద్దింది. పోలేదు. నలుపు మణికట్టు దాకా పాకింది.

ఒకరోజు పొద్దున ఆయన ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. సూది వేళ్ళలోంచి జారి కిందపడింది. ఆయనకు తెలియలేదు. కబుర్లు చెబుతూనే ఖాళీ గాలిలోకి దారం తోస్తున్నాడు. టైలరమ్మ చూసింది. వంగి సూది తీసి, తన కొంగుకు గుచ్చుకుంది.

"ఎక్కిందా?" అన్నాడు ఆయన.

"ఎక్కింది," అంది.

ఆ మధ్యాహ్నమే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు వేలికి పిన్ను గుచ్చాడు. పడవాయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. మణికట్టు దాకా గుచ్చాడు. ఇంకా క్యాలెండరే.

"ఇది సీసం," అన్నాడు డాక్టరు. "ఇంకొక్కసారి ఆ బురద తగిలిందా, స్పర్శ మోచేతి దాకా పోతుంది, మళ్ళీ రాదు. తగలకుండా కాపాడుకుంటే రావచ్చు. ఖచ్చితంగా చెప్పలేను."

"ఇక చెయ్యి నీళ్ళలో పెట్టవు," అంది టైలరమ్మ ఇంటికి వస్తూ.

"పెట్టనులే."

అదే నెలలో ప్రభుత్వం చెరువుల అడుగున పేరుకున్న విషపు బురద తీయించడానికి నిధులిస్తామని ప్రకటించింది. గుమస్తా పొంగిపోయి దరఖాస్తు రాసి, ముప్పై ఏళ్ళ రిజిస్టరు నకలు జతచేసి పంపాడు. మూడు వారాల్లో తిరిగొచ్చింది. "మీ రికార్డుల ప్రకారం చెరువు లోతు నలభై చోట్లా ఒక చెయ్యి మాత్రమే. ఇంత తక్కువ లోతుకు యంత్రాలు అక్కర్లేదు. పారలతో తీయించుకోగలరు. అభ్యంతరముంటే నెలలోపు మీటర్లలో కొలిచి చూపించండి."

గుమస్తా తాడుకు ఇనపగుండు కట్టి కొలిచి చూశాడు. ఆ బురద జావలా ఉంటుంది. గుండు అందులోకి దిగుతూనే ఉంటుంది, నీళ్ళెక్కడ అయిపోయాయో చెప్పదు, నేలెక్కడ తగిలిందో చెప్పదు. ఆ రెండూ తెలిస్తేగానీ బురద మందమెంతో తేలదు. గుమస్తా తిన్నగా టైలరమ్మ ఇంటికొచ్చాడు.

"అత్తా, మామను ఒక్కరోజు నాకు వదులు."

"ఒక్కరోజు కాదు, ఒక్క వేలు కూడా వదలను. ముప్పై ఏళ్ళు ఒక చెయ్యి ఒక చెయ్యి అని రాసుకుంటున్నప్పుడు, ఆ చెయ్యి ఎంత పొడుగుందో చూద్దామని తోచలేదా నీకు?"

"తోచింది. కానీ ఆయన చెప్పింది అబద్ధం కాదుగా అత్తా."

పడవాయన గుమ్మంలో కూర్చుని ఇదంతా విన్నాడు. "పోతే పోనీవే," అన్నాడు మెల్లగా. "బురద అక్కడే ఉంటే రేపు ఇంకొకడి చెయ్యి పోతుంది. ఇదెలాగూ సూదికి కూడా పనికిరావడం లేదు."

టైలరమ్మ మిషను ఆపింది. ఆ మిషను ఆగితే వీధిలో కుక్కలు కూడా లేచి చూస్తాయి, అంత అరుదు.

"నీకు పనికిరాదేమో. నాకు కావాలి," అంది.

తర్వాత మెడలో ఉన్న టేపు తీసి ఆయన భుజం దగ్గర పెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"కొలతలు తీసుకుంటున్నాను. కదలకు. నీకు చొక్కా కుడతాను."

ఊళ్ళో రెయిన్‌కోట్లన్నీ ఆ వారం టైలరమ్మ ఇంటికి చేరాయి. పసుపుది, నీలానిది, హెడ్మాస్టరుగారి బూడిదరంగుది, నర్సమ్మ ఇచ్చిన పూలదీ. చొక్కా చేతిలో పైనుంచి మూడోది, ముదురాకుపచ్చది, నాది. అందరి కోట్లలోకీ అదే మేలైన బట్ట, చెప్పుకోవాలని చెప్పడం లేదు. ఒక్కో కోటునుంచి సరిగ్గా ఒక మీటరు ముక్క. పదమూడు ముక్కలు, పదమూడు రంగులు. సైకిల్ షాపతను ట్యూబులకు రాసే సొల్యూషను డబ్బాతో వచ్చి, ప్రతి కుట్టు మీదా రెండు పూతలు పూశాడు. చెయ్యి కొసకని లారీ ట్యూబులోంచి అయిదు వేళ్ళ తొడుగు కోసిచ్చాడు.

వేళ్ళ దగ్గర మిషను నడవదు, చేత్తోనే కుట్టాలి. దారం ఎక్కిస్తామని ఇరుగుపొరుగు వస్తే టైలరమ్మ వద్దంది. కిటికీ పక్కన, ఆయన కూర్చునే చోటే కూర్చుని, బెజ్జాన్ని పెదవితో వెతుక్కుంటూ ఒక్కో సూదికి అరగంట పట్టించింది. ఆమె వేళ్ళ కొసలన్నీ గుచ్చుకుని జల్లెళ్ళయ్యాయి.

గడువు ఆఖరి రోజున నిధుల అధికారిణి వచ్చింది. చేతిలో ఫారం, ముక్కు మీద కళ్ళజోడు. సాయంత్రం అయిదుకల్లా ఆమె లెక్క పంపెయ్యాలి. పడవాయన వేసుకున్న చొక్కా చూసింది. ఎడమచెయ్యి మోచేతి పైకే ఉంది, కుడిచెయ్యి పడవలో చుట్టలు చుట్టుకుని పడి ఉంది. ఆమెకు వచ్చిన అనుమానం ఒక్కటే.

"ఈ చెయ్యి యంత్రమా, మనిషా? ఫారంలో రెండే గడులున్నాయి."

"సగం సగం రాయండి మేడమ్," అన్నాడు గుమస్తా.

"సగాలు కుదరవండీ. ఊరివాళ్ళు తమ వంతుగా కొంత పని చూపించాలని నియమముంది. ఈ కుట్టుపని అందులో రాస్తాను. చెయ్యిని మనిషి కిందే రాస్తాను."

టైలరమ్మ కూడా పడవెక్కింది. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆమె ఆ పడవెక్కడం అదే మొదలు. నీళ్ళంటే భయం. తెడ్డు గుమస్తా అందుకున్నాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, చుట్టల్లోంచి చొక్కా చెయ్యిని కొంచెం కొంచెంగా వదుల్తూ కూర్చుంది.

పడవాయన చెయ్యి ముంచాడు. రంగులు ఒక్కోటే దిగాయి.

"పసుపు మునిగింది. నీలం మునిగింది," అని గుమస్తా చదువుతున్నాడు. "పూలకోటు సగం."

"బురద తగిలింది," అన్నాడు పడవాయన. వేళ్ళకు తెలియదు, కానీ మణికట్టు పైన ముంజేతికి ఇంకా తెలుస్తుంది. "జావలా ఒత్తుతోంది. ఆ, ఇప్పుడు గట్టినేల. పిడికిలి ఆగింది."

అధికారిణి మీటర్లలో రాసుకుంది. ఇలా ముప్పై తొమ్మిది చోట్లు. అన్నిచోట్లా మనిషి నిలువు దాటిన బురద. నలభయ్యోది ఫ్యాక్టరీ కాలవ కలిసే చోటు. అక్కడికి చేరేసరికి నాలుగున్నర.

పసుపు నుంచి హెడ్మాస్టరు కోటు దాకా పన్నెండు రంగులు మునిగాయి. పదమూడోది కూడా మునిగింది. భుజం నీళ్ళకు ఆనింది. పడవ ఒరిగింది.

"నేల తగల్లేదు," అన్నాడు పడవాయన.

"ఈ ఒక్కటీ వదిలేస్తే?" అడిగాడు గుమస్తా.

"ఒక్కటి తక్కువైనా తిప్పి పంపేస్తారు," అంది అధికారిణి. ఆ మాట అనడం ఆమెకే ఇష్టంలేదు.

పడవాయన ఎడమచెయ్యి భుజం దగ్గర కుట్టు మీదికి వెళ్ళింది. ఒక్క లాగు లాగితే చొక్కా ఊడుతుంది, ఉత్త చెయ్యి అడుగుదాకా పోతుంది. ఆయన ఉద్దేశం గుమస్తాకు అర్థమైంది.

టైలరమ్మ కళ్ళు తెరిచింది. ఆయన ఎడమచేతి మీద ఠపీమని ఒకటి వేసింది. వంగి, భుజం కింద లోపలివైపు కుట్టును పళ్ళతో పట్టుకుని కొరికింది. దారం పటపటా తెగింది. లోపల మడిచి కుట్టిన బట్ట జలజలా కిందికి జారింది. ఎదిగే పిల్లల గౌన్లకు టైలర్లు లోపల మడత వదుల్తారు చూడండి, అలాంటి మడత, ఆమె సొంత రెయిన్‌కోటులోంచి ఇంకో మీటరున్నర.

"నువ్వెప్పుడైనా చెప్పిన చోట ఆగావా?" అంది, ఇంకా నోట్లో దారం పోగుతోనే. "నీ సంగతి నాకు తెలీదూ?"

చెయ్యి దిగింది. మడత మొత్తం మునిగేసరికి, "తగిలింది," అన్నాడు పడవాయన. అప్పుడు గానీ ఆమె తానెక్కడుందో గుర్తుచేసుకోలేదు. వెంటనే కళ్ళు మూసేసుకుని ఆయన నడుం పట్టుకుంది. టైలరమ్మ తన టేపుతో వేసిన మడత కాబట్టి, దాన్ని కొలిచే పని లేకుండానే అధికారిణి అంకె వేసేసింది.

నిధులొచ్చాయి. పెద్ద గొట్టాల యంత్రాలొచ్చాయి. బురదను పీల్చి, సంచుల్లో ఆరబెట్టి, లారీల్లో దూరంగా తీసుకెళ్ళి పూడ్చారు. చెరువు తూర్పుమూల శుభ్రమైన వారం పడవాయన చిటికెనవేలు తెల్లబడింది. ఉంగరపు వేలు ఇంకో నెలకు. తర్వాత రెండో విడత డబ్బు ఏ ఆఫీసులోనో ఇరుక్కుపోయి ఏడాది పాటు యంత్రాలు ఆగాయి. ఏడాది పాటు మిగతా వేళ్ళూ నల్లగానే ఉండిపోయాయి. గుమస్తా రోజూ ఆ వేళ్ళు చూసి వెళ్ళి, అధికారిణికి ఉత్తరం రాసేవాడు. మళ్ళీ యంత్రాలు కదిలాయి. నడివేలు, బొటనవేలు. చిట్టచివర ఫ్యాక్టరీ కాలవ దగ్గర తీశారు. ఆ శనివారం చూపుడువేలి కొసన మిగిలిన నల్లమచ్చ, టైలరమ్మ సబ్బు రుద్దుతుండగా, సబ్బునురుగుతో పాటు ఆమె అరచేతిలోకి జారిపోయింది.

మర్నాడు పొద్దున పడవాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. సూదులడిగాడు. ఆమె గుడ్డదిండు ముందు పెట్టింది. ఆయన దారం కొస తడిపాడు. కబుర్లు మాత్రం లేవు. మొదటి సూది అందుకున్నాడు, బెజ్జం వెతికాడు, దారం తప్పింది, సూది మొన వేలికి దిగింది.

"అబ్బా," అన్నాడు.

ఇద్దరూ ఆ వేలి వంక చూశారు. ఆవగింజంత నెత్తురు చుక్క.

"నొప్పా?" అని అడిగింది టైలరమ్మ.

"నొప్పే," అన్నాడాయన. ఆమె చెయ్యి అందుకుని, ఆ వేలితో ఆమె వేళ్ళ కొసలన్నీ ఒక్కోటే తడిమాడు. "ఇన్ని పోటు మచ్చలేమిటే ఇక్కడ?"

"నీ చొక్కావి," అంది ఆమె. "ఊఁ, కానియ్యి. ఇది గాక ఇంకా పదకొండున్నాయి."