రబీ లీగ్ విజేతలు

నేను ఒక షీల్డుని. టేకు చెక్క మీద ఇత్తడి రేకు నా ఒళ్లు. దాని మీద అమ్మాయిల రగ్బీ లీగ్‌లో గెలిచిన జట్ల పేర్లున్నాయి. బంతి చంకలో ఇరికించుకుని పరిగెత్తే పిల్లని అవతలి జట్టు అమాంతం పడేసే ఆట అది. నన్ను చూసి జనం నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది.

మా లీగ్ ఓనరుకి భాషాభిమానం జాస్తి. షీల్డు మీద తెలుగే ఉండాలన్నాడు. విశాఖ పూర్ణా మార్కెట్లో నన్ను చేసిన లింగమూర్తి ఏటా రైతుల పోటీలకు షీల్డులు చెక్కే మనిషి. ఫోన్‌లో రగ్బీ అని విని, వీళ్లకు పలకడం రాదనుకుని, దయతలచి దిద్దాడు. ‘రబీ లీగ్ విజేతలు’ అని నా నుదుట రాశాడు. బహుమతి వేదిక మీద పెద్దలంతా చూశారు, వచ్చే ఏడు మార్పిద్దాంలే అన్నారు. కింద జట్ల పేర్లు పెరిగాయి గానీ నా నుదుటిరాత మారలేదు. చివరికి ఓనరు లీగే ఎత్తేశాడు.

ఆఖరుసారి గెలిచింది భీమిలి జట్టు. కెప్టెన్ గరికిన నూకరత్నం భుజం జారినా బంతి వదల్లేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి రుజువు తెమ్మంటే, మూతపడ్డ లీగ్‌కి నేను తప్ప రుజువేది? నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

ఆ కోటా చూసే ఆఫీసరు నా నుదురు చదివి పకపకా నవ్వాడు. వ్యవసాయ శాఖ పై అంతస్తులో ఉందన్నాడు. ఆమె నన్ను లింగమూర్తి దగ్గరికి మోసుకెళ్లింది. అతను నొచ్చుకుని, ‘బీ’ని అరగదీసి ‘గీ’ చేసి, కింద బ వత్తు తగిలించాడు. మర్నాడు ఆఫీసరు అక్కడ గోటితో గీకి చూసి, దిద్దిన షీల్డు చెల్లదన్నాడు. ఫైనల్ నాడు ముందు వరసలో కూర్చుని ఈలలు వేసింది ఈ పెద్దమనిషే. నాకు నోరుంటే అక్కడే కడిగేసేదాన్ని.

ఆ పని నూకరత్నమే చేసింది. గొంతు మాత్రం పెంచలేదు.

“రబీ అనుంటే రైతునన్నారు. దిద్దించుకొస్తే దొంగనంటన్నారు. నాను గెలిసిన్నాడు ముందు వరసలో కూకుని రగ్బీ అనే అరిసినారు కదండీ మీరు. ఇది ఈడనే ఉంటాది. ఉద్యోగం ఇచ్చిన్నాడు వచ్చి అట్టుకెళ్తాను.”

నన్ను ఆయన బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆయన నన్ను బీరువా వెనక్కి తోయించాడు. గోడ వైపు మొహం పెట్టి, తలుపు చప్పుడైనప్పుడల్లా చెవులు రిక్కిస్తాను.

నూకరత్నం ఇంకా రాలేదు.