నీడకి నీళ్ళు

పొద్దున ఆరింటికల్లా కాలేజీ తోటపని చేసే నీళ్ళక్క మోటారు వేస్తుంది. పైపు భుజాన వేసుకుని కాలేజీ మధ్యలో ఉన్న ఖాళీ జాగాకి వెళ్ళి, అక్కడున్న నీడకి నీళ్ళు పోస్తుంది.

చెట్టు కొట్టేసి మూడేళ్ళయింది. కొత్త బిల్డింగు దారికి అడ్డమని కొట్టేశారు. దుంగలు లారీ ఎక్కిపోయాయి, వేళ్ళు కూడా తవ్వి పారేశారు. నీడ మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున పడమటికి సాగుతుంది, మధ్యాహ్నం గుండ్రంగా ముడుచుకుంటుంది, సాయంత్రానికి తూర్పున మోటారు గది దాకా పాకుతుంది. పిల్లలు బెంచీలు ఈడ్చుకుంటూ దాని వెనకాలే తిరుగుతారు. కొమ్మల నీడ మీద కాకులు వరసగా కూర్చుంటాయి, నేల మీదే. ఊడ్చే ముసలమ్మకైతే ఈ నీడంటే ప్రాణం.

"చెట్టున్నప్పుడు రోజుకి నాలుగు గంపల ఆకులెత్తేదాన్ని. ఇది బంగారు తల్లి. ఒక్క ఆకు రాల్చదు" అంటుంది.

ఒకసారి జ్వరమొచ్చి నీళ్ళక్క నాలుగు రోజులు లేవలేదు. నీడ పల్చబడి, చిమటలు కొట్టిన గుడ్డలా అక్కడక్కడా బొక్కలు పడింది. అప్పట్నించి ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. పరీక్షలప్పుడు పిల్లలు కూడా హాల్లోకి వెళ్ళే ముందు బాటిల్లో చివరి గుక్క అక్కడ పోసి వెళ్తారు. పోయకపోతే రాసేటప్పుడు చెయ్యి చెమటలు పడుతుందట.

నీళ్ళక్కా, కూతురూ మోటారు గదిని ఆనుకున్న ఒంటి గదిలో ఉంటారు. ఉద్యోగంతో పాటు ఇచ్చిన గది. కూతురు ఆ కాలేజీలోనే రెండో ఏడు చదువుతోంది.

ఒకరోజు హెడ్ క్లర్క్ పిలిపించాడు.

"కూర్చో అక్కా."

ఆమె నిలబడే ఉంది. పన్నెండేళ్ళలో ఆయన ఎప్పుడూ కూర్చోమనలేదు.

"తోటపని పోస్టుకి చెట్ల లెక్క పంపమన్నారు. మన దగ్గర చెట్లెన్ని? సున్నా. నన్నేం రాయమంటావు చెప్పు?"

"నీడ ఉంది కద్సార్."

"లేదన్నానా? నేనూ రోజూ అక్కడే కూర్చుని క్యారేజీ తింటాను. కానీ కాగితంలో నీడకి గడి లేదమ్మా."

"మరి గది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శుభ్రంగానే ఉంది అది. "నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

తమ్ముడి ఊరికి పోవడం తప్ప ఆమెకి వేరే దారి లేదు. ఆ ఊళ్ళో కాలేజీ లేదు.

"నువ్వు చదువుకోవే, ఏదో ఒకటి అవుతుందిలే" అంది ఆ రాత్రి తల్లి, కూతురితో.

"ఎక్కడ కూర్చుని చదవను?" అంది కూతురు. తల్లి మొహం చూసి మళ్ళీ పుస్తకం తెరిచింది.

నెలాఖరు రోజునే, చెట్ల లెక్క అడిగిన పై ఆఫీసు నుంచి ఒక కమిటీ వచ్చింది. అన్నిట్లోకీ అందమైన కాలేజీ ఏదో చూసి షీల్డు ఇస్తారు. ప్రిన్సిపాల్ ఫౌంటెన్‌కి రంగులేయించాడు. "మీ కాలేజీలో అందమైంది ఏది అని అడిగితే ఫౌంటెన్ అని చెప్పండి" అని పిల్లలకి వారం రోజులు నేర్పించాడు. అతిథులకి ఎండ తగలకూడదని పెద్ద టెంటు కూడా వేయించాడు. సరిగ్గా నీడ మీదే వేయించాడు.

టెంటు కింద గాలి ఆడలేదు. కమిటీలో ఇద్దరు పెద్దమనుషులు ఉక్కకి తట్టుకోలేక ఏసీ గదిలోకి పోయారు. మూడో ఆమె, నెరిసిన జుట్టు పెద్ద మేడం, కుర్చీ వదల్లేదు. రెండు దాటాక నీడ మెల్లగా టెంటు అంచు దాటి బయటికొచ్చింది. మేడం కుర్చీ లాక్కుని దాన్లోకి వెళ్ళి కూర్చుంది.

"మీ కాలేజీలో అందమైంది ఏదమ్మా?" అని పక్కనున్న పిల్లల్ని అడిగింది.

"ఫౌంటెన్ మేడం" అన్నారు వాళ్ళు, బెంచీని నీడలోకి జరుపుకుంటూ.

మేడం నవ్వింది. కాసేపటికి మళ్ళీ కుర్చీ జరుపుకుంది. ప్రిన్సిపాల్ కాగితాలు పట్టుకుని వెనకాలే నడిచాడు, ఆయన వెనక హెడ్ క్లర్క్.

"మేడం, మన కొత్త ఆడిటోరియం..."

"చెప్పండి, వింటున్నా" అంటూ ఆమె ఇంకో మూడడుగులు జరిగింది.

అలా జరుగుతూ జరుగుతూ నాలుగున్నరకి ఆమె కుర్చీ నీళ్ళక్క గుమ్మం ముందుకొచ్చి ఆగింది. గుమ్మంలో బిందెలు, చాపచుట్ట, పుస్తకాల మూట ఉన్నాయి.

"ఎటమ్మా ప్రయాణం?"

"మా తమ్ముడి ఊరికి మేడం."

"చుట్టపుచూపుకి బిందెలెందుకు?"

నీళ్ళక్క బిందెలు లోపలికి జరిపింది. లోపల్నించి కూతురే చెప్పింది. "చెట్టు లేదు కదా మేడం. ఈ నీడకి నీళ్ళు పోస్తే లెక్కలోకి రాదంట, అందుకని అమ్మకి పని లేదంట."

మేడం కాళ్ళ దగ్గర, కొమ్మ నీడ మీద ఒక కాకి రెక్కలు సర్దుకుంటోంది. ఆమె దానికి తగలకుండా కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"మరి ఈ నీడకి నీళ్ళెవరు పోస్తారు?"

ప్రిన్సిపాల్ హెడ్ క్లర్క్ వంక చూశాడు. హెడ్ క్లర్క్ కాకి వంక చూశాడు.

మేడం ప్రిన్సిపాల్ కాగితాల్లోంచి చెట్ల లెక్క ఫారం తీసి ఒళ్ళో పెట్టుకుంది. 'చెట్లు' అన్నచోట సున్నా ఉంది. దాని కింద పెన్నుతో తనే ఒక గడి గీసి రాసింది: 'నీడ: ఒకటి. పెంచే మనిషి: ఒకరు. ఇద్దరూ ఉండాలి.' కింద సంతకం పెట్టి, స్టాంపు కూడా వేసింది.

హెడ్ క్లర్క్ మెడ సాచి చదివాడు. "హమ్మయ్య, గడి వచ్చింది!" అన్నాడు, ప్రిన్సిపాల్ పక్కనే ఉన్నాడని మర్చిపోయి.

షీల్డు రాలేదు. నీళ్ళు వచ్చే ఫౌంటెన్ ఉన్న కాలేజీకి ఇచ్చారు.

మర్నాడు పొద్దున ఆరింటికి నీళ్ళక్క మోటారు వేసి, పైపుతో వచ్చేసరికి నీడ దగ్గర హెడ్ క్లర్క్ ఉన్నాడు. అటూ ఇటూ చూసి, బాటిల్లో చివరి గుక్క నేల మీద పోస్తున్నాడు.

ఆమెని చూసి సిగ్గుపడ్డాడు. "సరిపోతుందా అక్కా?"

"ఇంకొంచెం ఇటు పోయండి సార్," అందామె, "ఇక్కడ చిగురేస్తోంది."