లోపలి మడత

పొద్దున్నే కొట్టు తెరవగానే దర్జీ కొత్త గుడ్డల జోలికి పోడు. పొట్టి చేయాల్సిన పంట్లాలు ముందేసుకుంటాడు. ఆ ఊళ్ళో కొత్త బట్టలు కుట్టే బేరం కంటే పొట్టి చేసే బేరమే ఎక్కువ. అప్పు చేసినవాళ్ళ ఎత్తు తగ్గుతుంది కదా మరి. ఇవాళ బ్యాంకులో సంతకం పెడితే రేపు నిద్ర లేచేసరికి పంట్లాం కాళ్ళ కింద పడుతుంది. తీర్చేకొద్దీ మళ్ళీ పెరుగుతారు. అప్పు మీద వ్యాను కొన్న పాలవాడైతే ఏడాది పొడుగునా స్టీరింగు సందులోంచే రోడ్డు చూసుకున్నాడు.

దర్జీకి ఒక పట్టింపు ఉంది. మిగిలిన గుడ్డ ఎప్పుడూ కత్తిరించడు. ఎంతున్నా లోపలికి మడిచి కుడతాడు. చీలమండ దగ్గర లావుగా ఉందని ఎవరైనా సణిగితే, "ఉండనివ్వండి సార్, రేపు మీరు పెరిగితే ఆ గుడ్డ నేనెక్కణ్ణుంచి తేను?" అంటాడు. కత్తిరించడమంటే ఆ మనిషి ఇక పెరగడని తేల్చేయడమేనని ఆయన నమ్మకం.

ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు కొట్లో గుండీలను వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది. రెండు కన్నాల గుండీలు అల్లరివని వాటిని వెనక బెంచీకి పంపేది. ఇప్పుడు ఆ పిల్లకి టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. ఫీజుకి అప్పు చేయక తప్పదు.

సంగతి తెలిసి దర్జీ చెల్లెలు పరుగున వచ్చింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. తన చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు, తల ఇప్పటికీ కొట్టు బల్ల అంచు దాటదు. కుర్చీ ఎక్కి కూర్చోవడానికి మేనకోడలు చెయ్యందించింది.

"అన్నయ్యా, టేపు తియ్యి. ఊరికే ముచ్చటపడితే చాలదు, లెక్క చూడాలి," అంది.

దర్జీ కూతుర్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు. బ్యాంకు గుమస్తా చెప్పిన అప్పు లెక్క ప్రకారం టేపు కిందికి వదిలి రెండో గీత గీశాడు. అది ఆ పిల్ల నడుము దగ్గర పడింది.

"ఇప్పుడు జీతం చెప్పు," అన్నాడు.

చేరగానే ఇచ్చే జీతం అత్త చెప్పింది. అందులోంచి గది అద్దె తీసేసింది, తిండి తీసేసింది, బస్సు తీసేసింది. ఏడాదంతా కూడబెట్టి కట్టినా పెరిగేది ఎంతో తన బొటనవేలి గోరు చూపించింది.

"ఎదురింటి అబ్బాయి ఇంతకంటే పెద్ద అప్పే చేశాడు కదత్తా?"

"వాడు కంప్యూటర్లు చదివాడే. మొదటి ఏడాదే మూరెడు పెరిగాడు. ఇప్పుడు గుమ్మాలకి తల కొట్టుకుంటున్నాడు. వాడికిచ్చే దాంట్లో మూడో వంతు కూడా మనకివ్వరు. నన్ను చూడు, బోర్డు మీద కింది సగమే నాది. పై సగం ఎప్పుడూ ఖాళీ. మూడో తరగతి పిల్లలు నా తల మీదుగా మాట్లాడుకుంటారు."

"మరి నువ్వెందుకు మానెయ్యలేదు?"

అత్త కుర్చీ మీంచి వేలాడుతున్న తన కాళ్ళకేసి చూసుకుంది.

"అక్షరాలు కూడబలుక్కుంటూ, కూడబలుక్కుంటూ, ఉన్నట్టుండి అదొక మాటని పిల్లలకి తెలిసిపోతుందే. అప్పుడు వాళ్ళ మొహం చూడాలి. అది చూశాక ఇంకో పని చేయబుద్ధి కాదు. అందుకే చెప్తున్నా, చూడకముందే మానెయ్."

ఆ పిల్ల రెండు గీతల మధ్య ఖాళీని చాలాసేపు చూసింది. భయమేసింది. అయినా, "చదువుతాను," అంది.

దర్జీ లేచి కింది గీతని అరచేత్తో తుడిచేశాడు.

మర్నాడు ఆయనొక్కడే బ్యాంకుకి వెళ్ళాడు. కూతురి సంతకానికి కాగితాలు ఇంటికి తెస్తానన్నవాడు సాయంత్రం ఉత్త చేతులతో వచ్చి, కూతురి కాలేజీ బట్టలు కత్తిరించడానికి కూర్చున్నాడు.

"నాన్నా, అది నా ఇప్పటి కొలత. సంతకం పెట్టాక నేనంత ఉండను."

"మడిచి కుడతాలే," అన్నాడు తలెత్తకుండా.

తెల్లారి ఆ బట్టలు వేసుకు చూసింది. అచ్చంగా సరిపోయాయి. అంచు తిప్పి చూస్తే లోపల మడత లేదు. కొలతలో ఏనాడూ తప్పు చేయని మనిషి. రోజూ ఈపాటికి వినిపించే మిషను చప్పుడు కూడా లేదు. కొట్లోకి పరిగెత్తింది.

దర్జీ మిషను ముందే కూర్చున్నాడు. చొక్కా చేతుల్లో ఆయన చేతులు మునిగిపోయాయి. కాళ్ళు పెడలుకి జానెడు పైన ఆగిపోయాయి.

"ఆ పీట ఇలా అందుకో తల్లీ," అన్నాడు.

"నీ సంతకం పెట్టావా? ఎందుకు పెట్టావు నాన్నా?"

"నాది కూర్చుని చేసే పని. నువ్వు నిలబడి, బోర్డు పైదాకా రాయాలి."

"గోరంత గోరంత పెరగాలి. నువ్వు మళ్ళీ నీ అంత కావడానికి నీకు... నీకంత టైముందా?"

దర్జీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు. "లేకపోతే లేదు. గుడ్డ లోపలుంటుందిగా," అన్నాడు.

ఆ పిల్ల ఏడుస్తూనే ఆయన నీలం పంట్లాం మడిచింది. ఎంత మడిచినా ఇంకా మిగిలింది. పీట ముక్కలు చేసి పెడలు మీద బిగించింది.

చదువు అయింది. ఉద్యోగం వచ్చింది. జీతం అత్త చెప్పినంతే. మొదటి రోజు బోర్డు పైఅంచున తేదీ రాసింది. ఒక మధ్యాహ్నం, నోరు విప్పని పిల్లొకతె అక్షరాలు కూడబలుక్కుంటూ ఉన్నట్టుండి "వాన" అని, కిటికీ వైపు తిరిగింది. అత్త చెప్పిన మొహం అదే. అప్పుడే ఈ కొత్త టీచరుకి గుమ్మం మీద తుడిచేసిన గీత గుర్తొచ్చింది. నాన్న ఎత్తంతా ఈ గదిలోనే ఉందనుకుంది.

ఏడాది తిరిగింది. బ్యాంకులో కట్టి వచ్చిన మర్నాడు, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని పంట్లాం కుట్టు విప్పింది. మడతలోంచి గోరంత గుడ్డ బయటికొచ్చింది. మిగతాదంతా వెలిసిపోయినా ఆ పట్టీ మాత్రం కొన్ననాటి నీలంలో ఉంది.

దర్జీ వంగి దాన్ని వేలితో తడిమాడు. ఆ వేలు కాసేపు అక్కడే ఉండిపోయింది.

"మిగతాది మళ్ళీ కుట్టెయ్," అన్నాడు. "గట్టిగా వద్దు, వదులుగా వెయ్యి. వచ్చే ఏడాది విప్పాలి కదా."