సరిగ్గా నింపిన ఊపిరితిత్తులు

ప్రయోగశాలలో అందరూ అతన్ని బ్లేడు అంటారు. మామూలుగా మాటలతో ప్రాణం తీసేవాణ్ణి అలా అంటారు గానీ, ఇతను రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఎలుకల ఊపిరితిత్తులను పల్చటి పొరలుగా కోసి గాజుపలకల మీదికి ఎక్కించడం అతని ఉద్యోగం. ఆ బిరుదు అలా వచ్చింది.

కోసేముందు ఊపిరితిత్తిని ఫార్మలిన్ అనే ద్రవంతో నింపాలి. నింపకపోతే ముడుచుకుపోయి, ఆరోగ్యంగా ఉన్నది కూడా జబ్బుపడ్డట్టే కనిపిస్తుంది. ప్రయోగశాలను నడిపే పెద్దసారు పట్టుకున్నది ఆ కొసనే.

"క్యాన్సర్ మీద మన ప్రోటీన్ మందు బ్రహ్మాండంగా పనిచేసిందయ్యా. ఊపిరితిత్తుల్లోనే ఏదో వాపు కనిపిస్తోంది. నువ్వు సరిగ్గా నింపలేదేమో?"

"నలభై ఎలుకలకూ ఒకే చేత్తో నింపాను సార్. దేనికి మందు పడిందో, దేనికి ఉప్పునీళ్లు పడ్డాయో అప్పుడు నాకు తెలీదు కూడా. వాపొచ్చింది మందు పడ్డవాటికే కదా."

పెద్దసారు ఒక కాగితం ముందుకు తోశాడు. తప్పు కోసినవాడిదేనని ఒక్క వాక్యం, కింద సంతకానికి చోటు.

"నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. నెలాఖరుకల్లా మనుషులకు మొదలుపెట్టేస్తాం. జాబితాలో మూడో పేరు మీ అక్కదే, మర్చిపోకు. రేపటికి తేల్చు."

మర్చిపోవడమా! పాత మందులన్నీ చేతులెత్తేశాక అక్క ఆ మూడో నంబరు పట్టుకునే బతుకుతోంది. సంతకం పెడితే ఈ మందు ఆమె ఒంట్లోకి వెళ్తుంది. పెట్టకపోతే ఇక ఏ మందూ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనేస్తాం గానీ, ఆ మధ్యలో నిలబడడానికి ఎంత చోటుంటుందో అతనికి ఆరోజు తెలిసింది.

తన గదికి పోయి, సీసాల్లో మిగిలిన ముక్కలను మళ్లీ కోశాడు. ఆ గదికున్న ఒక్క కిటికీ తెరుచుకోదు. పదిహేనేళ్లుగా పనితనానికి పేరుపడ్డ మనిషి, తన చేతి తప్పు ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలని సాయంత్రం దాకా వెతికాడు. దొరకలేదు. గాలిగొట్టాలన్నీ చక్కగా విచ్చుకునే ఉన్నాయి. వాటి చుట్టూ గోడలే వాచి, నీరు పట్టి ఉన్నాయి. తన పని ఇంత బాగా కుదిరినందుకు అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు ఆ వాక్యం కొట్టేసి, "సరిగ్గానే నింపాను" అని రాసి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికల్లా మందు ఆపేశారన్న కబురు అన్ని గదులకూ పాకింది.

ఇంటికి వెళ్లేసరికి అక్క గుమ్మంలోనే పట్టుకుంది. "ఏరా, నా వంతు ఎప్పుడట?"

నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. ఆమె వెనకాల మంచం పక్కన ఆసుపత్రి సంచి సర్ది ఉంది, పైన కొత్త తువ్వాలు కనిపిస్తోంది.

"ఆలస్యమవుతుందక్కా. నేనే... నింపడంలో పొరపాటు చేశాను. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలట."

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. "చిన్నప్పుడు నీళ్లకు బిందె ఇచ్చి పంపితే సగమే తెచ్చేవాడివి. బుద్ధి ఎక్కడికి పోతుంది!" నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక అతని భుజం తట్టింది. "సర్లే, ఏడవకు. ఈసారన్నా నిండా నింపు. నేనెక్కడికి పోతాను, ఆగుతాలే."

"నింపుతానక్కా," అన్నాడు తమ్ముడు.