లోపలి వల

అత్తగారు తన దుప్పటి తానే ఉతుక్కోవడం మొదలుపెట్టిన నాటినుంచీ కోడలు దాన్ని దెప్పిపొడుపుగానే లెక్కవేసింది. ఇంటెడు బట్టలూ ఉతికి, వండి వడ్డించి, ఆపైన ఆఫీసుకు పరుగెత్తే మనిషికి ఇంతకంటె చురక ఏముంటుంది? ఆ ఉదయం పంతం పట్టి, బకెట్లో నానుతున్న దుప్పటిని తానే పైకి లాగింది. నీళ్ళు ఎర్రగా కారాయి.

“అత్తయ్యా! ఏమిటిది?”

“అరవకే! వాడు వింటాడు.” గుమ్మం పట్టుకుని నిలబడ్డ అత్తగారి ముఖం పాలిపోయింది. “ఆపరేషన్ అయినప్పటినుంచీ ఇంతే. లోపల ముల్లు గుచ్చుతున్నట్టుంటుంది. డాక్టరునడిగితే ఈ వయసులో మామూలే అన్నాడు. ఇక నీకేం చెప్పను?”

కోడలి చేతుల్లో దుప్పటి బరువెక్కింది. “అమ్మకు కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి; టీవీ ముందు మాత్రం ఏ నొప్పీ రాదు” అని భర్త నిన్న భోజనాల దగ్గర అన్నప్పుడు తానూ నవ్వింది. 

జారిన గర్భసంచిని నిలబెట్టడానికి అత్తగారి కడుపులో మెష్ అనే సన్నని ప్లాస్టిక్ వల కుట్టారు. ఆసుపత్రివాళ్ళిచ్చిన కార్డును ఆవిడ చీరల మడతల్లోంచి తీసి చూపగానే కోడలు దాన్ని లాక్కుని రెండుసార్లు చదివింది. దానిమీది వల పేరు ఆమెకు కంఠతా వచ్చు.

శస్త్రచికిత్స పరికరాల భద్రతను పరిశీలించి అనుమతులిచ్చే కార్యాలయంలో ఆమె ఉద్యోగిని. ఇదివరకు అనుమతి పొందినదాన్ని పోలివుంటే చాలు, కొత్తదాన్ని మనుషులమీద మళ్ళీ పరీక్షించనక్కరలేదన్నది అక్కడి పద్ధతి. ఆరోజు ఆఫీసులో ఆమె సంతకంకోసం వేచివున్న కొత్త వలకు కంపెనీవాళ్ళు పోలిక చూపించింది సరిగ్గా అత్తగారి ఒంట్లో ఉన్న వలతోనే.

“అక్క పాసయిన పరీక్ష చెల్లెలికి మళ్ళీ ఎందుకమ్మా? అచ్చం కవలలు! సంతకం పెట్టెయ్యండి,” అన్నాడు పై అధికారి నవ్వుతూ.

“అక్కమీద ఫిర్యాదులేమీ రాలేదాండీ?”

“రాకేం? ఆడవాళ్ళ నొప్పులకు అంతూ పొంతూ ఉంటుందా? ఆ వయసులో మామూలేనని డాక్టర్లే రాశారు. మనం మూసేశాం.”

మామూలే! తన భోజనాల బల్ల దగ్గర నవ్వులాటగా చెల్లిన చులకనే ఇక్కడ ప్రభుత్వ ముద్ర వేయించుకుని కూర్చుంది. దేహాలు సాక్ష్యం చెబుతున్నా, ఎందరి నెత్తురో ఆ ఒక్క మాటకింద ఇంకిపోయింది.

కలానికి మూత పెట్టేసింది. “పరీక్ష జరగనిదే నేను సంతకం పెట్టను. పాతదానిమీదా విచారణ జరగాలి.”

“ఆధారం?”

“మా అత్తగారు.”

“ఒక్క ముసలావిడ మాటమీదా?” ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆమె వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. “అత్తయ్యా, ఫిర్యాదులో మీ పేరు రాయనా? మీ అబ్బాయికీ తెలిసిపోతుంది మరి.”



“తెలియనీ. రాయవే,” అంది అత్తగారు. “ఎదురింటావిణ్ణి కూడా అడుగు. ఆవిడా ఈమధ్య తన దుప్పటి తానే ఉతుక్కుంటోంది.”