వణికే రాయి

పొద్దున తొమ్మిదింటికి రామాంజినేయులు వాచీల అంగడి తలుపు తీస్తే, అతని భార్య సుమలత వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేది. తర్వాత అత్త యల్లక్కను చేయి పట్టుకొని వెనక గదిలోకి తీసుకుపోయి స్టూలు మీద కూర్చోబెట్టేది. సాయంత్రం దాకా యల్లక్క పనల్లా కుడిచేయి చాపి కూర్చోవడమే. మొగుడు పోయిన ఏడు ఆ చేతికి వణుకు మొదలైంది. తప్పు నడిచే క్వార్ట్జ్ వాచీని ఆ అరచేతిలో వక్కాకు నమిలేంత సేపు పెడితే సరైన టైముకు వచ్చేది, ఆగిపోయినది నడిచేది. హిందూపురంలో ఇది తెలియనివాళ్లు లేరు. ఆశ్చర్యపోయినవాళ్లూ లేరు. కండక్టర్లు, పట్టుగూళ్ల వ్యాపారులు వాచీ విప్పి బల్ల మీద పెట్టి, "అవ్వ చేతిలో పెట్టియ్యప్పా, పదింటి బస్సుకు పోవల్ల" అని తొందరపెట్టేవాళ్లు.

రామాంజినేయులు బెంగళూరులో ఆరు నెలలు పని నేర్చుకొని వచ్చినవాడు. ఎవరైనా అడిగితే చాలు, వాచీ వెనక మూత తీసి పట్టకారుతో చూపించేవాడు.

"ఇదో, బియ్యపు గింజంత డబ్బా. దీంట్లో పలుగురాయి ముక్క ఉండాది, క్వార్ట్జ్ అంటే అదే, రెండు కాళ్లు వచ్చేటట్ల చెక్కింటారు. బ్యాటరీ కరెంటు తగిలితే రాయి వంగుతాది. వంగిన రాయి మళ్లా కరెంటు పుట్టిస్తాది. సర్క్యూటు దాన్ని పట్టుకొని మళ్లా తోస్తాది, ఉయ్యాల్లో పిల్లను తోసినట్ల. సెకండుకు ముప్పైరెండు వేల ఏడు నూర్ల అరవై ఎనిమిది సార్లు ఒణుకుతాది. చిప్పు దాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్లా సగం చేసి, పదిహేను తూర్లు అట్ల చేస్తే ఒకటి మిగుల్తాది. ఆ ఒకటికి ముల్లు ఒక అడుగేస్తాది."

"డబ్బాలో ఇంకేముండాదప్పా?"

"ఏమీ లేదు. గాలి గూడా తీసేసింటారు. గాలి తగిలితే ఒణుకు మందమైతాది. ఎక్కువ ఎండా పనికిరాదు, చలీ పనికిరాదు. కుదుపు తగిలితే రాయి చిట్లుతాది."

ఈ చదువంతా అతను తల్లి మీద ప్రయోగించాడు. ఒకసారి పక్కింటి ఆడవాళ్లతో యల్లక్క కడుపుబ్బ నవ్విన రోజు ఆమె పట్టుకున్న వాచీలన్నీ రెండు నిమిషాలు ముందుకు పోయాయి. తమ్ముడు పోయాడని ఏడ్చిన వారమంతా వెనక్కి నడిచాయి. అప్పటి నుంచి ఆ గదికి తలుపు వచ్చింది, కిటికీకి చెక్క వచ్చింది, ఫ్యాను పోయింది. ఎండాకాలం తడిగోనె, చలికాలం బొగ్గుల కుంపటి. మాట్లాడడానికి ఎవరూ లోపలికి పోకూడదు. తల్లిని ఇంత భద్రంగా చూసుకునే కొడుకు యాడుంటాడని ఊరు మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి ఊరికి ఏం పోయింది?

రెండువేల ఒకటి శ్రావణంలో ఒక పట్టుచీరల అంగడివాళ్లు గిరాకీలకు పంచడానికి మూడు వందల గోడ గడియారాలు తెప్పించారు. అన్నిట్లోనూ నాసిరకం రాళ్లు. గురువారానికి సరిచేసి ఇస్తానని రామాంజినేయులు మాటిచ్చాడు.

సోమవారం మధ్యాహ్నం ధర్మవరం నుంచి గంగప్ప అనే నేతపనివాడు వచ్చాడు. రామాంజినేయులు చెల్లెలు నాగమణిని అక్కడే ఇచ్చారు, గంగప్ప ఆమెకు పొరుగు. సుమలత అతనికి మంచినీళ్లు తెచ్చింది.

"కాన్పు అయిందప్పా, మగపిల్లోడు. నాగమణికే ఫిట్సు వస్తాండాయి. ఆస్పత్రిలో ఉండాది. తెలివొచ్చినప్పుడల్లా అమ్మ యాడ, అమ్మ యాడ అంటాంది. అవ్వను ఇప్పుడే పంపియ్యి."

రామాంజినేయులు ముఖం వాడిపోయింది. చెల్లెలంటే ప్రేమ లేనివాడు కాదు. అయినా గంగప్పతో, "గురువారం నేనే పిల్సుకొస్తా" అన్నాడు. అతను పోయాక సుమలత వైపు తిరిగి, "అమ్మకు చెప్పొద్దు. కుదుపు తగిల్తే ఆ చెయ్యి మళ్లా దారికి రాదు. మూడు దినాలే గదా" అన్నాడు.

మూడు రోజులే కదా అని సుమలత కూడా అనుకుంది. భయపడి అనుకుంది, అంతకన్నా ఎక్కువగా అలవాటుకొద్దీ అనుకుంది. మంగళవారం అన్నం పెట్టడానికి గదిలోకి పోతే యల్లక్క అడిగింది.

"ఏమ్మే సుమా, నాగమణికి దినాలు దగ్గరపడినాయి గదా. ఏమన్నా తెలిసిందా?"

"ఇంకా లేదత్తా. తిను."

ఆ అబద్ధం ఎంత సులభంగా వచ్చిందో చూసుకొని సుమలతకే అసహ్యమేసింది.

బుధవారం పదకొండింటికి ఎస్టీడీ బూతు ఆయన పరుగున వచ్చి చెప్పాడు. నాగమణి పొద్దునే పోయింది. రామాంజినేయులు బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకొని మిగిలిన గడియారాలు లెక్కపెట్టాడు. నలభై.

"పోయినామె ఎట్లాగూ పోయింది" అన్నాడు. "సాయంత్రానికి ఇవి అయిపోతాయి. అప్పుడు చెప్దాం."

సుమలత నేరుగా వెనక గదిలోకి పోయి తలుపు తెరిచే ఉంచి, అత్త ముందు కింద కూర్చొని అంతా చెప్పేసింది. యల్లక్క చేతిలోని గడియారం ఆగిపోయింది. చేయీ ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి పిలిచిందంట?"

"సోమారం నుంచి."

"నీకెప్పుడు తెలుసు?"

"సోమారమే తెలుసత్తా."

యల్లక్క గడియారాన్ని నేల మీద పెట్టి లేచింది. సుమలత పట్టుకోబోతే, "నన్ను ముట్టుకోవద్దు" అంది మెల్లగా. కొడుకు వైపు చూడకుండా అంగడి దాటి బస్టాండుకు నడిచింది.

సుమలత కూడా ఆమె వెనకే పోవాలనుకుంది. ముందు అడ్డంగా ఉన్న గడియారాన్ని బల్ల మీద పెడదామని వంగి తీసింది. అది ఆమె చేతుల్లో నిలవలేదు. గట్టిగా పట్టుకునేకొద్దీ వేళ్లు ఇంకా వణికాయి. సెకను ముల్లు కదిలింది.

తిట్టడానికి లేచిన రామాంజినేయులు గడియారాన్ని తీసుకొని టెస్టరు మీద పెట్టి చాలాసేపు చూశాడు. భార్య ముఖం మాత్రం చూడలేదు.

"అత్తతో పోతాను" అంది సుమలత.

"మూడో దినానికి ఇద్దరం పోదాం. కూర్చో."

ఆమె కూర్చుంది. ఒకదాని తర్వాత ఒకటి అతను ఆమె చేతిలో పెట్టాడు. గురువారం పొద్దునకు మూడు వందల గడియారాలూ సరిగ్గా నడుస్తున్నాయి. ఆ తర్వాత సోమందేపల్లి నుంచి, అంటే సుమలత పుట్టింటి నుంచి, ఏ కబురు వచ్చినా రామాంజినేయులు అంగడి మెట్ల మీదే విని అక్కడి నుంచే పంపించేశాడు.