పసుపు నీళ్లు తాగిన బ్యాగు

మా ఇంట్లో మేము ఉరుదూ మాట్లాడుకుంటాం. కోపం వస్తే మాత్రం నాకు తెలుగే వస్తుంది. ఆ వారమంతా నేను తెలుగులోనే ఉన్నాను.

రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్‌గా మారిన మరుసటి ఏడు అది. జమ్మలమడుగులో మాది తోలు పని. నా మొగుడు మౌలాలి మద్రాసులో బ్యాగులు కుట్టడం నేర్చుకుని వచ్చాడు. ఆ సంగతి వీధిలో పోయే మేకలకు కూడా చెప్పుకున్నాడు. ఆయన చేసేది గట్టి బ్యాగు. తోలుకూ లోపలి బట్టకూ మధ్య అట్ట పెట్టి, నోటికి ఇత్తడి చట్రం బిగిస్తాడు. మూస్తే టిక్కుమంటుంది. బల్ల మీద పెడితే కలెక్టరు దొర మాదిరి నిటారుగా కూర్చుంటుంది.

నేను చేసేది మెత్తటిది. మేకతోలుకు నూనె పట్టించి, చేత్తో నలిపి నలిపి, అట్టా చట్రమూ లేకుండా కుడతాను. భుజానికి తగిలిస్తే నడుముకు ఆనుకుని ఉంటుంది. కింద పెడితే చతికిలబడుతుంది.

"అదీ ఒక బ్యాగేనా? సంచి. ఉల్లిగడ్డలు తెచ్చుకోను పనికొస్తాది," అనేవాడు మౌలాలి.

"నీది ట్రంకుపెట్టె. మోసేదానికి కూలోడు గావాల," అనేదాన్ని నేను.

ఉన్నమాట చెప్పాలి. ఆయన బ్యాగులో ఏ వస్తువు పెట్టిన చోట ఆ వస్తువే ఉంటుంది. నా దాంట్లో తాళంచెవి ఎప్పుడూ అడుక్కే పోతుంది, మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. కానీ ఆయనది కొన్ననాటి అందమే అందం, మూల ఒక్కటి సొట్టపోతే ఇక అంతే. నాది వాడేకొద్దీ ఆ మనిషి ఒంటికి అలవాటవుతుంది. ఇంత మాట నేను ఆయన బ్యాగు గురించి చెప్పగలను. ఆయన నోట నా దాని గురించి ఒక్క మంచిమాట వస్తే ఒట్టు.

ప్రొద్దుటూరులో ఈశ్వరయ్య శెట్టికి పెద్ద బట్టల అంగడి ఉంది. పెళ్ళిచీరలు కొనేవాళ్ళు చేతికి బ్యాగు కూడా అడుగుతున్నారని మాకు కబురు పెట్టాడు.

"రెండు రకాలూ ఒక్కోటి ఇయ్యండి. మా ఇంటామె లక్ష్మీదేవమ్మ పులివెందుల పెండ్లికి పోతాంది. రెండూ వాడి చూస్తాది. ఏది నిలిస్తే అదే అంగట్లో పెడతా," అని చెప్పి పంపాడు.

మా ఇంట్లో వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటి. దాని దగ్గర పీట ఒక్కటి. ఆ పీట కోసం మాకు రోజూ గొడవే. మౌలాలికి రోషం వచ్చింది.

"ఎవురి బ్యాగు నిలిస్తే వాళ్ళదే పీట. ఓడినోళ్ళు మళ్ల ఆరె ముట్టకూడదు," అన్నాడు.

తోలుకు బెజ్జం వేసే పనిముట్టు ఆరె. మా నాయన తన ఆరెను కొడుకులకు ఇవ్వకుండా నా చేతిలో పెట్టి పోయాడు. అది ముట్టకూడదంటే నేనిక పొయ్యి ముందరే ముసలిదాన్ని కావాలి. అయినా సరేనన్నాను. నా కుట్టు మీద నాకు నమ్మకం.

మౌలాలి రెండు బ్యాగులూ శెట్టికి ఇచ్చివచ్చాడు, ఏది ఎవరు కుట్టారో శెట్టి అడగలేదు. పెళ్ళి అయిపోయింది. వెంటనే రమ్మని శెట్టి మనిషిని పంపాడు. ఇద్దరం బస్సెక్కి పోయాం. నేను బురఖాతో అంగడి మెట్టు మీద నిలబడ్డాను, మౌలాలి లోపలికి పోయాడు.

గద్దె మీద రెండు బ్యాగులూ ఉన్నాయి. గట్టిది తడిసి, వేగిన అప్పడం మాదిరి ఉబ్బి, పక్కలు విచ్చుకుని, లోపలి అట్ట బయటికి వచ్చి ఉంది. మెత్తదానికి ఒక మూల పసుపు మరక. అంతే.

జరిగింది ఇదీ. శెట్టి ఇంట్లో తోలు గడప దాటకూడదు. చెప్పులైతే వాకిట్లో విడుస్తారు. ఇంత మంచి బ్యాగులను చెప్పుల పక్కన పెట్టడానికి లక్ష్మీదేవమ్మకు మనసు ఒప్పలేదు. అందుకని ఊరి నుంచి రాగానే రెండిటి మీదా చెంబెడు పసుపు నీళ్లు కుమ్మరించి, శుద్ధి చేసి లోపలికి తీసుకుపోయింది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. అట్టకు మంత్రాలు తెలుస్తాయా?

"తోలు బ్యాగని చెప్పి లోపల అట్ట పెడ్తారా? ఏంది మౌలాలీ ఈ మోసం?" అని శెట్టి అరిచాడు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళంతా తిరిగి చూశారు.

అట్ట పెట్టడం మోసం కాదు, అదే ఆ పని తీరు. నీళ్లు పోయడం మీ తప్పు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. మౌలాలి చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు:

"అది... అది మా ఇంటిది కుట్టింది శెట్టిగారూ. ఆడమనిషి, తెలీక చేసింది. ఈ మెత్తది నాది."

యా అల్లా! అరికాలి మంట నెత్తికెక్కింది. ఉల్లిగడ్డల సంచి ఇప్పుడు ఆయనదైపోయింది! అక్కడే ముసుగెత్తి కడిగేద్దామనుకున్నాను. నలుగురిలో మొగుని పరువు తీసిన ఆడది అనే పేరు నాకే వస్తుందని నోరు మూసుకున్నాను.

"అట్ల చెప్పు! అయితే ఇట్లాంటివే కుట్టుకరా. నీ చేత్తోనే కుట్టల్ల, ఆమెను ముట్టనీయొద్దు," అన్నాడు శెట్టి.

ఇంటికి వచ్చినాక మౌలాలి మేకతోళ్ళు తెచ్చి నా ముందర వేశాడు.

"కుట్టు," అన్నాడు.

"నన్ను ముట్టనీయొద్దన్నాడు గదా శెట్టి! నీ బ్యాగు నువ్వే కుట్టుకో."

"ఏదో నోరు జారి..."

"జారింది నోరు గాదు, నీ సిగ్గు! మద్రాసు పోయొచ్చిన మొగోడివి, నీ పనికి నువ్వు నిలబడలేకపోతివి. నా పని దొంగిలిస్తివి. థూ! ఆరె ఇదో, తోలు అదో. కూచో. ఎట్ల కుడతావో నేనూ చూస్తా."

కూర్చున్నాడు. అట్ట ఆసరా లేని తోలు ఆయన చేతిలో పాము మాదిరి జారింది. లాగితే కుట్టు ముడుచుకుంటుంది, వదిలితే నోరు తెరుస్తుంది. బొటనవేలికి ఆరె దిగింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తోలును తిట్టాడు, దారాన్ని తిట్టాడు. నేను వండలేదు, ఉరుదూ పలకలేదు. వారం తిరిగేసరికి తోలంతా ముక్కలయింది.

"ఏం చేయమంటావు?" అన్నాడు చివరికి.

"అదే అంగడి, అదే గద్దె. చెప్పిన నోటితోనే చెప్పిరా. నేనూ వస్తా. నా చెవులతో వినల్ల."

పోయాం. అంగడి నిండా జనం. మౌలాలి తల వంచుకుని చెప్పాడు.

"చెడిపోయింది నాది శెట్టిగారూ. మంచిది మా ఖమర్‌బీది. నేను అబద్ధం చెప్పినా."

శెట్టి గడ్డం గోక్కున్నాడు. "సరేలే. ఈ మాట ఈడనే ఉండనీ. ఆడమనిషి కుట్టిందంటే ఎవురు కొంటారు? మౌలాలి బ్యాగనే అమ్ముదాం."

ఈసారి నేను ఆగలేదు. మెట్టెక్కి లోపలికి పోయాను.

"కొననోళ్ళను పోనీ శెట్టిగారూ. ఖమర్‌బీ బ్యాగంటేనే కుడతా. లేదంటే నా బ్యాగు నాకిచ్చేయండి, పోతా."

గద్దె వెనక తలుపు వాళ్ళ ఇంట్లోకి. ఆ తలుపు దగ్గర లక్ష్మీదేవమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో, చెయ్యి చాపి నా బ్యాగు తీసుకుంది.

"ఈ మరక పోతాదా ఖమర్‌బీ?"

"పోదమ్మా. కొత్తది కుడతా. నీళ్లు పొయ్యనంటేనే."

ఆమె మొగుని వైపు చూసింది. నా వైపు చూసింది. బ్యాగు భుజానికి తగిలించుకుని గడప దాటి లోపలికి నడిచింది.

"ఏయ్, నీళ్లు! నీళ్లు చల్లుకోవా!" అని శెట్టి కేక వేశాడు.

"ఒకదాన్ని నీళ్లు పోసే చంపితిమి. చాలు," అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. మౌలాలి కిటికీ దగ్గర పీటను తన పైగుడ్డతో తుడిచాడు. మా నాయన ఆరెను దాని మీద పెట్టి, పక్కనే నిలబడి, కూర్చోమని ఉరుదూలో మెల్లగా అన్నాడు.

నేను కూర్చున్నాను. తోలు ఒళ్ళోకి లాక్కున్నాను.

"జరుగు," అన్నాను తెలుగులో. "ఎలుతురికి అడ్డం నిలబడొద్దు."